సూర్యుడు ఎదురుగా పొడిచిన ఉదయం

పెళ్లయిన కొత్తలో మా ఆయన ఏడాదికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు. నౌకాదళంలో ఉద్యోగం. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మా రెండు వైపుల వాళ్లూ తరాలుగా వ్యవసాయం చేసుకునేవాళ్లే. సముద్రం మీద పని అంటే ఏమిటో ఎవరికీ ఊహకు అందేది కాదు. "ఓడల ఏం పని చేస్తడు నీ పెనిమిటి?" అని అడిగేవాళ్లు. "తెరచాపలు కడతడు" అంటే నవ్వేవాళ్లు, ఈ కాలంలో తెరచాపలేమిటని. కానీ అది నిజమే. కొత్తగా చేరినవాళ్లకు సముద్రం అలవాటు చేయడానికి నౌకాదళంలో తెరచాప పడవలు ఉంటాయి. ఆయన సర్వీసులో ఎక్కువ భాగం అలాంటి పడవల మీదే గడిచింది. సెలవులకు వచ్చినప్పుడు ఆయన అరచేతులు మా మామగారి అరచేతుల కంటే మొరటుగా ఉండేవి.

రిటైరయ్యాక ఊరికి వచ్చి ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాడు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. బస్సు డిపో వెనక కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. మాకు పిల్లలు లేరు. ఆ బాధ కొన్నేళ్లు గట్టిగా ఉండి, తర్వాత మాతోపాటే ఇంట్లో ఒక మూల సర్దుకుంది.

మా ఇంటికి తరచూ వచ్చే మనిషి ఒకరే. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి పల్లె నుంచి మా ఆయనతోపాటే నౌకాదళంలో చేరి, ఆయనతోపాటే బయటికి వచ్చిన స్నేహితుడు. హైవే పక్కన వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. మా ఆయన కంటే ఏడాది రెండేళ్లు చిన్న. ఆయన్ని అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలిచేవాడు. నేను భాయ్ అనేదాన్ని. ఆదివారం వస్తే ఇద్దరూ మేడ మీద కూర్చుని పాత సంగతులు మాట్లాడుకునేవాళ్లు. నేను కింది నుంచి చాయ్ అందించేదాన్ని.

ఒక ఆదివారం భాయ్ ఒక కబురు తెచ్చాడు. వాళ్ల పాత ఆఫీసరు ఒకాయన సీషెల్స్ దీవుల్లో కూతురి దగ్గర స్థిరపడిపోయాడు. ఆయన సొంత తెరచాప పడవ కొచ్చిలో ఉండిపోయింది. పరాయివాళ్ల చేతికి ఇవ్వడం ఇష్టం లేక, దాన్ని సముద్రం మీద నడిపి తెచ్చిపెట్టమని వీళ్లిద్దరినీ అడిగాడు.

"ఇద్దరికి కష్టమైతది వదినా" అన్నాడు భాయ్. "వంటకు, చుక్కాని కాడ వంతు కూసోనీకి ఇంకో మనిషి ఉండాలె. నువ్వు రా."

నేను నవ్వాను. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కినప్పుడే వాంతి చేసుకున్న మనిషిని. కానీ మా ఆయన నవ్వలేదు.

"ఇన్నేండ్లు నేను ఏం పని చేసిన్నో నువ్వు ఒక్కపారి గూడ చూడలే" అన్నాడు. "వచ్చి చూడు."

ఆ మాట నన్ను కదిలించింది. బడికి సెలవు పెట్టాను.

ఆ చలికాలంలో ఆయన ఒకరోజు కూరగాయల మార్కెట్‌కు బండి మీద వెళ్లి ఆటోలో తిరిగొచ్చాడు. బండి ఎక్కడ పెట్టాడో చెప్పలేకపోయాడు. ఇంకోరోజు కరివేపాకు తెస్తానని వెళ్లి గేటు దగ్గరే నిలబడిపోయాడు, ఎటు పోవాలో ఎవరైనా చెబితే బాగుండునన్నట్టు. నైట్ డ్యూటీలు చేసే మనిషి, నిద్ర చాలడం లేదనుకున్నాను.

కొచ్చిలో పడవను మొదటిసారి చూసినప్పుడు నాకు భయం వేయలేదు, జాలి వేసింది. అంత చిన్నది. లోపల మా ఇంటి వంటగదీ, దాని పక్క వరండా కలిపితే ఎంతో అంత. దాంట్లోనే పడుకోవడం, వండుకోవడం, బట్టలు మార్చుకోవడం. నిటారుగా నిలబడగలిగే చోటు మెట్ల దగ్గర ఒక్కటే. మరుగుదొడ్డి బీరువా అంత, పని అయ్యాక చేత్తో పంపు కొట్టాలి. భాయ్ సిగ్గుపడి ఆ పంపు ఎలా కొట్టాలో నాకు చెప్పడానికి మా ఆయన్ని పంపాడు.

ఈశాన్యం నుంచి గాలి నిలకడగా వీచే కాలం అది. మేం పోవలసింది నైరుతికి. గాలి వెనక నుంచి నెడుతూ ఉంటుంది కాబట్టి సుఖమైన ప్రయాణమని ఇద్దరూ అన్నారు. నాకు మాత్రం మొదటి రోజులు గుర్తున్నది ఒక బకెట్టు, దాని అడుగున నీలం రంగు. ఒడ్డు ఎప్పుడు కనిపించకుండా పోయిందో తెలియదు. మా ఆయన నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, ఉప్పు బిస్కెట్లు చిన్నచిన్న ముక్కలు చేసి నోట్లో పెట్టేవాడు. "లోపల పండుకుంటె ఇంక ఎక్కువైతది. మీదికి రా. దూరం గీత మీద కన్ను పెట్టు" అని చెయ్యి పట్టి పైకి తీసుకుపోయాడు. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద కన్ను నిలిపి కూర్చున్నాను. మెల్లగా వికారం తగ్గింది. అప్పుడు ఆయన్ని చూశాను. ఒక చేత్తో చుక్కాని కర్ర పట్టుకుని, తెరచాపను చూస్తూ కూర్చున్నాడు. ఇబ్రహీంపట్నంలో నాకు తెలిసిన మనిషి భుజాలు కొంచెం వంచుకుని నడిచేవాడు. ఈ మనిషి అలా లేడు.

అక్కడ నా రోజంతా వంట చుట్టూ తిరిగేది. పడవ ఎటు ఒరిగినా గిన్నె ఒలికిపోకుండా స్టవ్‌ను ఊయలలా వేలాడదీసి ఉంచారు. నేను నడుముకు పట్టా కట్టుకుని, వీపు గోడకు ఆనించి వండేదాన్ని. తాగే నీళ్లు తక్కువ కాబట్టి అన్నంలో కొంత సముద్రపు నీళ్లు కలిపేదాన్ని, వేరే ఉప్పు అక్కర్లేదు. తిండి సహించని రోజుల్లో పచ్చిపులుసే మమ్మల్ని కాపాడింది. పొయ్యి వెలిగించే పని లేదు, చింతపండు పిసికి ఉల్లిపాయ తరిగితే చాలు. గాలి మంచిగా ఉన్న రోజు పెనం మీద సర్వపిండి అద్దేదాన్ని. వలసంచుల్లో వేలాడే సొరకాయలు పడవతోపాటు ఊగుతూ రాత్రీపగలూ గోడకు తగిలేవి. గుడ్లకు నూనె రాసి, రోజూ తిప్పి పెట్టాలని మా ఆయన చెప్పాడు. పొద్దున్నే డెక్ మీద ఎగిరిపడి చచ్చిన చిన్న చేపలు దొరికేవి. భాయ్ వాటికి కారం పట్టించి వేయించేవాడు. ఆ వాసన సాయంత్రం దాకా మా దుప్పట్లలో ఉండేది.

బట్టలు ఉప్పునీళ్లలోనే ఉతికేవాళ్లం. ఎండలో ఎంత ఆరేసినా పూర్తిగా ఆరవు, ఉప్పు తేమను పట్టుకునే ఉంటుంది. ఒళ్లంతా దురద. కబుర్లు త్వరగా అయిపోయాయి. ముగ్గురిలో ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు నిద్రలో, ఒకరు ఏదో పనిలో. ఒకే పడవలో ఉన్నా ముగ్గురం కలిసి కూర్చునేది మధ్యాహ్నం అన్నం దగ్గరే.

భాయ్ నమాజు చేసుకునే ముందు ప్రతిసారీ మా ఆయన్ని అడిగేవాడు: "అన్నా, మక్కా ఎటు?" దిక్సూచి కళ్లముందే ఉంది, భాయ్‌కు చూడడం రాక కాదు. నౌకాదళంలో చేరిన రోజుల నుంచి వాళ్లిద్దరి మధ్య అదొక అలవాటు. మా ఆయన ఒకసారి ఎండను, ఒకసారి పడవ ముక్కును చూసి చెయ్యి చాపేవాడు. భాయ్ అటు చాప పరిచేవాడు.

ఖాళీగా ఉన్నప్పుడు ఆయన నాకు ఒక ముడి నేర్పాడు. ఎంత లాగినా బిగుసుకుపోదు, కావాలంటే సులువుగా విడుతుంది. "గిట్ల కిందికెళ్లి తెచ్చి, దీని మెడ సుట్టు తిప్పి, మళ్ల గదే సందులకెళ్లి పంపియ్యాలె" అంటూ నా వేళ్లు పట్టుకుని చేయించాడు. నాకు వచ్చేదాకా వదల్లేదు. మర్నాడు అదే తాడు ముక్క పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"దా, నీకు ఒక ముడి నేర్పిస్త."

పరీక్ష పెడుతున్నాడనుకుని చకచకా వేసి చూపించాను. ఆయన మెచ్చుకోలేదు. ఆశ్చర్యంగా చూశాడు.

"ఎవరు నేర్పిండ్రు?"

"నువ్వే గద, నిన్న."

"అవ్" అన్నాడు. కాసేపు తాడును చూస్తూ ఉన్నాడు. ఆ తర్వాత రోజు మళ్లీ వచ్చాడు, అదే తాడు, అదే మాట. ఈసారి నేను రానట్టే కూర్చుని నేర్పించుకున్నాను. మధ్యలో ఆయన చేతులు ఆగిపోయాయి. తాడు కొస ఒక వేలికీ ఇంకో వేలికీ మధ్య వేలాడుతూ ఉంది. నేను ఆ కొసను సందులోంచి తోశాను.

ఆ సాయంత్రం భాయ్ ఎప్పటిలాగే మక్కా ఎటని అడిగాడు. మా ఆయన చెయ్యి చాపాడు. భాయ్ ఒక్క క్షణం ఆగి, అటే చాప పరిచాడు. నాకు దిక్కులు అంతగా తెలియవు, ఎందుకు ఆగాడో అర్థం కాలేదు.

రోజూ ఉదయం సూర్యుడు మా వెనక, కొంచెం ఎడమకు పొడిచేవాడు. నా వీపుకు ఎండ తగులుతుండగా చాయ్ పెట్టేదాన్ని. ఒక ఉదయం ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే మెలకువ వచ్చింది. పడవ నడక మారింది. ఇన్నాళ్లూ అలల మీద మెత్తగా జారేది, ఇప్పుడు ఎదురెక్కుతూ దబ్‌దబ్ కొడుతోంది. గిన్నెలన్నీ ఒక వైపుకు చేరాయి. పైకి వెళ్లాను. మా ఆయన చుక్కాని దగ్గర కూర్చుని ఉన్నాడు. గాలి ముఖానికి కొడుతోంది. ఆయన ముఖం మీద ఎర్రటి వెలుతురు. చూస్తే సూర్యుడు పడవ ముక్కుకు ఎదురుగా, నీళ్లలోంచి పైకి వస్తున్నాడు.

"ఎటు పోతున్నం?" అని అడిగాను.

"ఇంటికి" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"మనం పోయేది సీషెల్స్‌కు గద."

"వాన పడేటట్టుంది. వడ్లు రోడ్డు మీద ఆరబోసి ఉన్నయి. బాపు ఒక్కడే ఏం ఎత్తుతడు?"

మా మామగారు పోయి అప్పటికి ఎన్నో ఏళ్లు. ఆ పొలం ప్లాట్లు అయిపోయి, రంగు వేసిన హద్దురాళ్లు పాతి కూడా చాలా కాలం అయింది. నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు చిట్లించి, దూరంగా ఇల్లు కనిపిస్తుందన్నట్టే చూస్తున్నాడు. ముఖంలో కొంచెం తొందర తప్ప ఇంకే తేడా లేదు.

పడవ కుదుపులకు భాయ్ లేచి వచ్చాడు. సూర్యుణ్ని చూశాడు, దిక్సూచి చూశాడు, నన్ను చూశాడు. కేక వేయలేదు.

"అన్నా, నువ్వు జర చాయ్ తాగు. చుక్కాని నేను పట్టుకుంట" అన్నాడు.

మా ఆయన లేచి చుక్కాని అప్పజెప్పాడు. వంతు అయిపోయిన మనిషి ఎలా అప్పజెప్పాలో అలాగే, గాలి ఎటుందో కూడా చెప్పాడు. కిందికి వచ్చి పడుకున్నాడు. వెంటనే నిద్రపట్టింది. భాయ్ పడవను మెల్లగా వెనక్కి తిప్పాడు. తెరచాప ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వెళ్లింది, కొట్టుకోవడం ఆగింది, ఎండ మళ్లీ నా వీపు మీదికి వచ్చింది.

"ఎప్పటిసంది చూస్తున్నవ్ వదినా?" అని అడిగాడు భాయ్.

ముడి సంగతి చెప్పాను. బండి సంగతి, గేటు సంగతి కూడా చెప్పాను. చెబుతుంటే అన్నీ ఒక్కదాని వెనక ఒకటి వచ్చాయి.

"మొన్న నాకు మక్కాకు ఉల్టా దిక్కు చూపెట్టిండు" అన్నాడు.

"మరి నువ్వు అటే చేసినవ్ గద."

"అన్న చూపెట్టినంక ఇంకో దిక్కు తిరుగుతనా? అల్లాకు తెల్వదా వదినా." తల పక్కకు తిప్పుకున్నాడు. "మొదటిసారి ఓడెక్కిన దినం నాకు అన్ని దిక్కులు నేర్పింది ఆయనే."

తిరిగి వెళ్లిపోదామా అని అడిగాను. వెనక్కి పోతే గాలి ఎదురనీ, ఇప్పటికే సగం కంటే ఎక్కువ వచ్చామనీ, ముందుకు పోవడమే దగ్గరనీ చెప్పాడు. ఇక నుంచి చుక్కాని వంతులు మా ఇద్దరివే అనుకున్నాం. ఆయన ఎవరో ఒకరితో కూర్చుంటాడు. నీళ్లలో పడిపోకుండా ఆయన నడుముకు ఉన్న తాడు పడవకు కట్టి ఉందో లేదో మేం చూస్తాం. ఇదంతా ఆయనకు చెప్పాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోయాం.

చెప్పే పని లేకపోయింది. మర్నాడు మధ్యాహ్నం నేను చుక్కాని పట్టుకుని ఉంటే ఆయన కింది నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మేం వచ్చిన దారి జీపీఎస్ తెర మీద గీతలా కనిపిస్తుంది. ఆయన దాన్ని చూశాడు.

"గీత ఒక్క కాడ కొక్కెం లెక్క ఒంగింది. ఎవరు తిప్పిండ్రు?"

నేను చుక్కాని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"నేనేనా?"

"అవ్."

"నాకు యాదికి లేదు." నీళ్ల వైపు చూపు తిప్పాడు. "ఏమన్న అన్ననా నేను?"

"ఇంటికి పోదామన్నవ్. వడ్లు ఎత్తాలె, బాపు ఒక్కడే ఉన్నడు అన్నవ్."

ఆయన తల ఊపాడు, ఒకసారి కాదు, చాలాసార్లు, తనకు తానే ఏదో ఒప్పుకుంటున్నట్టు. నేను చుక్కాని వదల్లేను. వదిలితే పడవ పక్కకు పోతుంది. అందుకే ఆయన ఏడుస్తుంటే లేచి దగ్గరికి వెళ్లలేకపోయాను. కాలు చాపి నా పాదం ఆయన పాదం మీద పెట్టాను. అలాగే కూర్చున్నాం.

చివరికి ముఖం తుడుచుకుని అన్నాడు: "నువ్వు చుక్కాని తప్పుగ పట్టుకుంటున్నవ్. గట్టిగ పిసుకుతున్నవ్. ఇయ్యాల్టిసంది మంచిగ నేర్పిస్త. నాకు యాదికి ఉన్నంతవరకు నేర్చుకో."

అప్పటి నుంచి మతి నిలకడగా ఉన్న ప్రతి గంటా నేర్పాడు. గాలి ఎటు నుంచి వస్తుందో తెరచాపను చూడకుండా చెవి వెనక చల్లదనంతో ఎలా తెలుసుకోవాలి, అల వస్తున్నప్పుడు ముందే ఎలా ఒదగాలి. చెప్పింది మళ్లీ చెప్పేవాడు, నేను మళ్లీ వినేదాన్ని. కొన్నిసార్లు వాక్యం మధ్యలో ఆగి, "ఏం చెప్తున్న?" అని అడిగేవాడు. నేను అందిస్తే మళ్లీ మొదలుపెట్టేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాతో అంత మాట్లాడింది లేదు.

భూమధ్యరేఖ దగ్గర గాలి పూర్తిగా పడిపోయింది. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా అయింది. తెరచాప అటూ ఇటూ కొట్టుకుని చివరికి వేలాడిపోయింది. ఇంజన్‌కు డీజిల్ దాచుకోవాలి కాబట్టి ఆగి ఎదురుచూడడమే పని. తాగే నీళ్లు ఇంకా తగ్గించాం. నా జుట్టు ఉప్పుతో అట్టలు కట్టింది, దువ్వెన దిగడం లేదు. ఒక సాయంత్రం ఆయన బకెట్టుతో సముద్రపు నీళ్లు తోడి నా తల రుద్దాడు. ఆఖరున తన వాటా తాగే నీళ్లు ఒక గ్లాసు నా తల మీద పోశాడు. వద్దంటే వినలేదు. భాయ్ పడవ ముందు వైపు వెళ్లి, మాకు వీపు చేసి కూర్చున్నాడు.

"నన్ను ఇంట్ల తాళమేసి ఉంచకు" అన్నాడు ఆయన, నా జుట్టు పిండుతూ. "ఎటన్న పోతనని భయమైతది నీకు, నాకెరుకే. కని తాళం ఎయ్యకు."

వెయ్యనని మాటిచ్చాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నల్లటి మబ్బు ఒకటి మా మీదికి వచ్చింది. భాయ్ నిద్రలో ఉన్నాడు. చుక్కాని నా చేతిలో ఉంది. మబ్బు కింద నీళ్లు తెల్లగా మరుగుతున్నట్టు కనిపించాయి. అదేమిటో నాకు తెలియలేదు. పక్కన ఉన్న మా ఆయన అప్పటిదాకా తన చేతి గోళ్లు చూసుకుంటూ ఉన్నాడు. ఒక్కసారిగా లేచాడు. నడుము తాడు తగిలించుకుని, తెరచాప స్తంభం దగ్గరికి పాకి, పెద్ద తెరచాపను సగానికి దించి కట్టేశాడు. భాయ్ పరుగున వచ్చేసరికే పని అయిపోయింది. గాలి, వాన మా మీద పడ్డాయి. పడవ ఒరిగి వణికింది గానీ తట్టుకుంది. తాడు ముడులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన తడిసిపోయి, ముందు వైపు నిలబడి నవ్వుతున్నాడు. భాయ్ వానలోనే కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. మబ్బు దాటాక గిన్నెల్లో, బకెట్లలో నిండిన వాన నీళ్లతో ముగ్గురం కడుపునిండా చాయ్ తాగాం.

"ఎవరు దించిండ్రు తెరచాప?" అని అడిగాడు ఆయన, చాయ్ తాగుతూ.

"నువ్వే అన్నా" అన్నాడు భాయ్.

"మంచిగ కట్టిన" అన్నాడు.

దీవి కనిపించక ముందే తడి మట్టి వాసన వచ్చింది. తర్వాత మబ్బులాంటి కొండ, దాని మీద పచ్చదనం. రేవులో ఆఫీసరు గారు కూతురితో వచ్చి నిలబడ్డారు. మా ఆయన దిగి నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. వాళ్లు భోజనం పెట్టారు, ఊరు చూపించారు. మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు. విమానంలో తిరిగొచ్చేటప్పుడు ఆయన కిటికీ లోంచి కిందికి చూస్తూ, "గీ నీళ్లు ఎప్పుడొచ్చినయి?" అని అడిగాడు. సముద్రం కదా అన్నాను.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. మెదడు ఫొటోలు తీశారు. ఈ వయసులో అరుదు గానీ వస్తుందన్నారు, తగ్గేది కాదన్నారు, నెమ్మది చేసే మందులు రాశారు. బయట బెంచీ మీద కూర్చున్న ఆయన, "ఏమన్నడు?" అన్నాడు.

"మతిమరుపు అంట."

"గది నాకు తెలుసు" అన్నాడు. ఇద్దరం నవ్వాం, పక్కవాళ్లు చూసేంతగా.

ఆయన ఉద్యోగం మానేశాడు. కొన్నాళ్లకు నేనూ బడి మానేసి ఇంట్లోనే ట్యూషన్లు పెట్టుకున్నాను. తాళం వెయ్యలేదు. వెంట నడిచాను. పొద్దున్నే లేచి డిపో దాకా, అక్కడి నుంచి సాగర్ రోడ్డు మీద, ప్లాట్ల మధ్య, ఆయన ఎటు పోతే అటు. ఒకసారి మీర్‌పేట్‌లో మా అక్క వాళ్లింటికి పోయినప్పుడు నా చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాడు. ఆ కాలనీలో గల్లీలన్నీ ఒక్కలాగే ఉంటాయి. వెతికి వెతికి చూస్తే ఎవరిదో ఇంటి మెట్ల మీద కూర్చుని, ఆ ఇంటావిడ ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. ఆమె మంచి మనిషి. "మీ ఆయననా, పాపం, మర్యాదగ కూసున్నడు" అంది.

క్రమంగా నౌకాదళం పోయింది, తర్వాత పెళ్లి పోయింది. నన్ను టీచరమ్మ అనేవాడు, ట్యూషన్ పిల్లలు పిలిచేది విని. ఒక మధ్యాహ్నం నేను అన్నం కలుపుతుంటే అడిగాడు: "నువ్వు ఎప్పుడన్న సముద్రం చూసినవా?"

చూశానని చెప్పాను. ఒక చిన్న పడవలో ముగ్గురు పోయిన కథ చెప్పాను. ఊయల స్టవ్, ఎగిరే చేపలు, గాలి పడిపోవడం, మబ్బు. ఎవరి కథో విన్నట్టే విన్నాడు, ముద్ద ముద్దకూ నోరు తెరుస్తూ.

"ఒడ్డుకు చేరిండ్రా?"

"చేరిండ్రు."

"ముగ్గురు?"

"ముగ్గురు."

ఆయన కుదుటపడి మిగిలిన అన్నం తిన్నాడు.

చివరి ఏడాది మంచం దిగలేదు. భాయ్ వారం వారం అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి స్కూటర్ మీద వచ్చి ఆయనకు గడ్డం గీసేవాడు. ఆయన ముఖం భాయ్ అరచేతిలో పసిపిల్లాడి ముఖంలా ఒదిగి ఉండేది. పోయిన వానాకాలం జ్వరం వచ్చి, ఛాతీలో కఫం నిండి, దవాఖానలో పోయాడు. నేను పక్కనే ఉన్నాను. ఊపిరి మెల్లగా దూరం దూరంగా వచ్చి, ఒకసారి రాలేదు. పాడె మోసిన నలుగురిలో భాయ్ ఒకడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పినా అతను వదిలేవాడు కాదు.

మళ్లీ బడిలో చేరాను. పాత ఉద్యోగమే, కొత్త పిల్లలు. సాయంత్రం ఇంటికి వచ్చి దీపం వేసి, కాసేపు ఊరికే కూర్చుంటాను. ఇంటి నిండా నిశ్శబ్దం. ఇన్నేళ్లూ చెవి ఎప్పుడూ ఆయన వైపే పెట్టి ఉండడం అలవాటై, ఇప్పుడు ఆ చెవిని ఎటు తిప్పుకోవాలో తెలియడం లేదు.

భాయ్ ఇంకా వస్తూనే ఉన్నాడు. మొన్న ఒక సంచి నిండా సీతాఫలాలు తెచ్చాడు, వాళ్ల చెల్క పొలం గట్టు మీదివి. కొన్ని ఇంకా గట్టిగా ఉన్నాయి. బియ్యం డబ్బాలో పెట్టమన్నాడు. చాయ్ ఇచ్చాను. కరెంటు పోతే విసనకర్ర అందించాను.

"ఇస్కూల్ల పిల్లలు మంచిగ సదువుతున్నరా వదినా?"

"కొందరు సదువుతున్నరు" అన్నాను.

తల ఊపి, గ్లాసు కింద పెట్టాడు. చీకటి పడకముందే పోవాలని లేచాడు. గేటు దాకా వెళ్లి పంపించి వచ్చి, పండిన సీతాఫలాలను వేరు చేసి పళ్లెంలో పెట్టాను.